అప్‌డేట్: తాతయ్య పుట్టింది 1930లోనే

పోయిన నెల, తాతయ్య పెద్దకర్మకు ముందు ఇక్కడ అడిగాను: కార్డులో 1935 జనవరి 1 అని ఉంది, ఆయనేమో "ప్రమోదూతలో పుట్టాను" అనేవారు, ఫొటో కింద ఏ సంవత్సరం వేయించాలి అని. సాయం చేసిన అందరికీ నమస్కారం.

మీరు చెప్పినట్టే లెక్క వేశాం. తెలుగు సంవత్సరాల్లో మొదటిదైన ప్రభవ 1987లో వచ్చింది, దాన్నుంచి నాలుగోది ప్రమోదూత, అంటే 1990. ఈ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి అరవై ఏళ్లు వెనక్కి వెళ్తే 1930. ప్రమోదూత 1931 ఉగాది దాకా ఉన్నా, శ్రావణమాసమని నాయనమ్మకు గుర్తుంది కాబట్టి 1931 అయ్యే వీల్లేదు. ట్రంకుపెట్టెలో షష్టిపూర్తి ఫొటో కూడా దొరికింది, వెనకాల 1990 అని పెదనాన్న చేతిరాత. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఆయన కబుర్లన్నీ లెక్కకు వస్తున్నాయి. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి తాతయ్యకు పాతికేళ్లు. ఆ డ్యామ్ పనిలో రాళ్లు మోశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక, మా మెట్ట చేలో మొదటిసారి వరి నాటారు. ఆ తర్వాత ఏటా కాలువ వచ్చిన రోజున దోసిలితో నీళ్లు తీసి కళ్లకద్దుకునేవారు. చిన్నప్పుడు నాకూ అలాగే చేయించేవారు.

ఫొటో కింద 1930 అనే వేయించాం. నాయనమ్మ పొద్దున్నే దాని ముందు కాఫీ పెడుతోంది.