మన రేవుల్లోకి నూనె కవ్వళ్లు ఎప్పుడొచ్చాయి?

భీమిలి అల
మా తాత తెప్ప మీద వేట చేసినోడు. 80 దాటాయి. మొన్న వీధిలోకొచ్చిన గంపలో నూనె కవ్వళ్లు (ఆయిల్ సార్డిన్ చేపలు) చూసి "మా కాలంలో ఇవి మన నీళ్ల చేపలు కావురా, ఎప్పుడో నాలుగు పడేవి" అన్నాడు. మామూలు కవ్వళ్లు ఎప్పుడూ ఉన్నవే. ఇవి వేరు, పెనం మీద వేస్తే వాటి నూనెలోనే అవి వేగిపోతాయి.

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కలు చూశాను. తాత మాట నిజమే. 1985 దాకా దేశంలో ఈ చేప దాదాపు అంతా కేరళ, కర్ణాటక తీరంలోనే పడేది. నీళ్లు వేడెక్కే కొద్దీ పైకి మహారాష్ట్ర, గుజరాత్ దాకా వెళ్లింది, ఇటు తమిళనాడు మీదుగా మన కోస్తాకీ పాకింది. మీ రేవులో ఎప్పటి నుంచి గుంపులుగా పడుతున్నాయి? వచ్చాక ఏం మారింది?

ఉప్పాడ కోడలు
ఏడాది అడగకండి, గుర్తు లేదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో మాత్రం ఇన్ని లేవండి. మాది ఎండుచేపల బేరం. మామూలు కవ్వళ్లు ఉప్పు పట్టించి ఇసుకలో పరిస్తే మూడు రోజులకి గలగలలాడతాయి. ఇవి ఎండవు. నూనె కారి చాప తడిసిపోతుంది, నాలుగో రోజుకి పొట్ట దగ్గర పచ్చగా తిరిగి కనరు వాసన కొడతాయి. ఒకసారి ఆరు గంపలు అలాగే పోయాయి. మా అత్తగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇప్పుడు రేవులో పడగానే ఐసు వేసి లారీలకెత్తేస్తున్నారు. కొన్ని కేరళకి, కొన్ని దాణా ఫ్యాక్టరీలకి. చేప వచ్చిందని మగాళ్లకి సంతోషమే. ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ల చేతికి మాత్రం ఏమీ రాలేదండి. ఈ మాట ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

కొచ్చి తెలుగమ్మాయి
అక్కా, ఆ లారీలు దిగేది మా దగ్గరే. ఇక్కడ దీన్ని మత్తి అంటారు, కూలి పని చేసుకునేవాళ్ల ఇంటి కూర అది. 2012లో కేరళలో దగ్గర దగ్గర 3.9 లక్షల టన్నులు పడింది. 2021లో పడింది 3,297 టన్నులు! లెక్క తప్పు రాయలేదు. మా పక్కింటావిడ తూర్పు తీరం చేప కొంటుంది కానీ ఐసులో రుచి చచ్చిపోయిందంటుంది.

చుక్కాని
అంతా వేడి మీదకే నెట్టకండి. కేరళలో పిల్ల చేపల్ని కూడా ఊడ్చేశారు, 2015లో వచ్చిన ఎల్‌నినో కూడా దెబ్బ తీసింది. వానాకాలంలో అడుగు నీళ్లు పైకి తన్నుకొస్తేనే అక్కడ ఈ చేపకి మేత. ఆ పొంగులో తేడా వస్తే మంద తగ్గుతుంది. పైగా అక్కడ పోయినవే ఇక్కడికి వచ్చాయని కూడా అనలేం.

సిక్కోలు చిన్నోడు
ఒప్పుకుంటాను అన్నా. కానీ కానాగంతల (మాకెరల్ చేపల) సంగతి చూడు. అవి పై నీళ్లలో తిరిగేవి, పై వలకి పడేవి. 1985-89లో దేశం మొత్తం మీద పడ్డ కానాగంతల్లో ట్రాలర్ల అడుగు వలకి దొరికింది 2 శాతం. 2003-07కి అది 15 శాతం అయింది. చల్లదనం కోసం లోతుకి దిగుతున్నాయంటున్నారు. పెద్ద బోటోడికి పర్లేదు. మా నాన్నలాంటి ఫైబర్ బోటోడి వల అంత లోతుకి దిగదు. నేను మూడేళ్లు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనిచేసి వచ్చాను. మా ఊళ్లో సగం ఇళ్లలో మగాళ్లు ఇప్పటికీ అక్కడే. జెట్టీ లేకపోవడం, అప్పులు, అన్నీ కారణాలే. చేప దూరమవడం కూడా అందులో ఒకటి.

మెయిన్ నుంచి
అమెరికాలో మా మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్‌దీ ఇదే కథ. దక్షిణాన లాంగ్ ఐలాండ్ దగ్గర 1999లో కుప్పలుగా చచ్చిపోయాయి, అక్కడ మళ్లీ కోలుకోలేదు. ఇక్కడ 2016లో రికార్డుగా పడ్డాయి, తర్వాత తగ్గుతున్నాయి.

భీమిలి అల
చిన్నోడా, కానాగంత శాస్త్రీయ నామంలో ఉన్నది మన మాటే, తెలుసా? 1803లో ప్రకృతి శాస్త్రవేత్త రస్సెల్ దొర విశాఖ చేపల బొమ్మలు అచ్చేసి కింద మన పేర్లు రాశాడు. అలా మన కానాగంత 'కానాగుర్త'గా ప్రపంచం మొత్తానికీ పేరయింది. ఆ పేరు పెట్టిన తీరంలోనే అది మీ నాన్న వలకి అందకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

కొచ్చి తెలుగమ్మాయి
ఉప్పాడ అక్కా, ఇక్కడి పాతవాళ్లు నూనె చేపల్ని ఎండబెట్టరు, ఊరబెడతారు. మొప్పలు, పొట్టలోవి తీసి కడిగి, మూడు కిలోల చేపకి కిలో ఉప్పు లెక్కన పొరలు పొరలుగా పీపాలో వేస్తారు. మధ్యమధ్యలో కుడంపులి (చింతపండులా పుల్లగా ఉండే ఎండు పండు) ముక్కలు. ఊరిన నీళ్లలోనే ఉంచుతారు, నెలలు ఆగుతుంది.

ఉప్పాడ కోడలు
కుడంపులి ఇక్కడ దొరకదమ్మా. చింతపండు పనికొస్తుందా? పనికొస్తుందంటే రేపు రెండు కిలోలు జాడీలో వేస్తాను. మూత బిగించాలా, గాలి ఆడాలా? అది కూడా అడిగి చెప్పు.