మార్పులు చేయించిన ఫార్చ్యూనర్‌ను రాష్ట్రం దాటి అమ్మడం: రాయగడ నుంచి సందేహం

ప్రశ్న (రాయగడ):
సభ్యులకు నమస్కారం. 2018లో కొన్న ఫార్చ్యూనర్ 2.8 డీజిల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే), ఆటోమేటిక్ బండిని అమ్మదలచుకున్నాను. రిజిస్ట్రేషన్ ఓడీ 18, మొదటి యజమానిని నేనే, 82 వేల కిలోమీటర్లు తిరిగింది, ప్రతి సర్వీసు బిల్లూ ఫైలులో భద్రంగా ఉంది. కొండమీది ఊళ్లలో పనులు చూసుకోవలసి వచ్చినందున సస్పెన్షన్‌ను రెండు అంగుళాలు ఎత్తించి, స్నోర్కెల్ (ఇంజనుకు ఎత్తు నుంచి గాలి అందించే గొట్టం), ముందు ఇనుప బంపరు, దానికి వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), పైన క్యారియర్, ఎలాంటి నేల మీదైనా నడిచే ఆల్ టెరైన్ టైర్లు పెట్టించాను; వీటికే నాలుగు లక్షల పైన అయింది. ఇప్పుడు ఆ పనులు తగ్గాయి, పైగా మా అమ్మ బండి ఎక్కాలంటే ముక్కాలిపీట వేయవలసి వస్తోంది. నేను 29 లక్షలు అనుకుంటుంటే ఇక్కడి బ్రోకర్లు 23 దాటడం లేదు. పార్వతీపురం నుంచి ఒకరు ఆసక్తి చూపుతున్నారు. మార్పులను అలాగే ఉంచి అమ్మాలా, విప్పించాలా? కాగితాల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం (జయపురం):
ఆ నాలుగు లక్షలను ధరలో కలుపుకోవద్దు, అవి మీరు అనుభవించేసిన డబ్బు. మీకు ముచ్చటైన వించి, పిల్లలను బడికి దింపడానికి బండి కొనేవారికి బరువుగానే కనబడుతుంది. ముందుగా ఇనుప బంపరు విప్పించండి. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు. ఇలాంటి బుల్ బార్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. వించి, క్యారియర్ విడిగా అమ్మితే జీపులు దిద్దుకునే కుర్రాళ్లు సంతోషంగా తీసుకుంటారు.

స్నోర్కెల్ సంగతి వేరు. దాని కోసం ఫెండర్‌కు రంధ్రం కోసి ఉంటారు కాబట్టి, విప్పితే ఆ కంత మిగులుతుంది, ఫెండర్ మార్చి రంగు వేయిస్తే ప్రమాదం జరిగిన బండేమోనని అనుమానం వస్తుంది. అందుకని దానిని అలాగే ఉంచి, ఫలానా మార్పు చేయించామని ముందే చెప్పండి. పాత స్ప్రింగులు ఉంటే తిరిగి వేయించి, వీల్ అలైన్‌మెంట్ కాగితం తీసుకోండి. తెలిసిన కొనుగోలుదారు బానెట్ ఎత్తడానికి ముందే ముందు చక్రం వెనక్కి చేయి పోనిచ్చి, టైరు లోపలి అంచును వేలితో తడిమి చూస్తాడు. ఎత్తించిన బండిలో అలైన్‌మెంట్ సరిగా లేకపోతే అక్కడే ముందుగా అరిగిపోతుంది.

ప్రశ్నించినవారు:
పాత స్ప్రింగులు, కంపెనీ బంపరు అటక మీదే ఉన్నాయి. ఫోర్ బై ఫోర్ పనిచేస్తోందని ఎలా చూపించాలి?

సమాధానం (జయపురం):
కంకర పరిచిన ఖాళీ స్థలానికి తీసుకువెళ్లండి. హెచ్2 (రెండు చక్రాలే లాగే స్థితి) నుంచి హెచ్4కు (నాలుగూ లాగే స్థితి) బండి నడుస్తుండగానే మార్చవచ్చు. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఎల్4కు మాత్రం ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మీట తిప్పాలి. ఏళ్ల తరబడి ఆ మీట ముట్టుకోని బళ్లు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి, మీది వాడుకలో ఉండడమే మంచి గుర్తు.

సమాధానం (పార్వతీపురం):
ఇక కాగితాల గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో నేను దెబ్బతిన్నాను. కొన్నేళ్ల క్రితం పాత జీపును ఒక బ్రోకరుకు ఇచ్చి, యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, ఇక నాకు సంబంధం లేదనుకున్నాను. ఏడు నెలల తర్వాత ప్రమాదం కేసులో నాకు కోర్టు నోటీసు వచ్చింది. ఆ బ్రోకరు ఆర్సీలో పేరు మార్పించకుండానే జీపును వేరొకరికి అమ్మేశారు. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, పేరు మారేదాకా బండి మీదేనని అనుకోండి.

మీది ఒడిశా బండి, కొనేవారిది ఆంధ్ర. కనుక రాయగడ రవాణా కార్యాలయం నుంచి 28వ ఫారం మీద, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే పత్రమైన ఎన్‌వోసీ తీసుకోవాలి. అప్పు ఉంటే 35వ ఫారంతో బ్యాంకు పేరు ముందే తీయించాలి, చలానాలు బాకీ లేకుండా చూసుకోవాలి. కొంత బయానా చేతికి రాకుండా ఎన్‌వోసీకి దరఖాస్తు చేయవద్దు. బేరం చెడితే దాన్ని రద్దు చేయించుకోవడానికి మళ్లీ తిరగాలి. వాహనం వయసును బట్టి ఇక్కడ జీవితకాల పన్ను కొనేవారే కట్టాలి, ఆ మొత్తాన్ని ఆయన మీ ధరలోంచి తగ్గించుకునే మాట్లాడతారు. ఒడిశాలోనే అమ్మితే వచ్చే ధరతో పోల్చేటప్పుడు ఇది మరవకండి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకరి నుంచి రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకుంటే, ఆదాయపన్ను చట్టం ప్రకారం అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. బీమాలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మీది. కంపెనీ నుంచి పత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త బండికి వాడుకోవచ్చు. ఫాస్టాగ్ మూయించడం మరిచిపోతే టోలు మీ ఖాతాలోంచే పోతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. బంపరు, స్ప్రింగులు మార్పించాను. ఆసక్తి చూపిన పార్వతీపురం ఆయన ఆదివారం వచ్చి, సాలూరు మీదుగా సుంకి ఘాటు ఎక్కి దిగి, మీరన్నట్టే టైరు లోపలి అంచు తడిమి, 25 లక్షల 40 వేలకు ఒప్పుకున్నారు. పన్ను ఆయనదే. బయానా బ్యాంకులో పడింది, ఈ రోజే ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టాను. స్ప్రింగులు దిగాక అమ్మ పీట లేకుండానే ఎక్కి, ఇప్పుడెందుకు అమ్ముతున్నావని అడిగింది.