వేడెక్కితే ఆగిపోతున్న పాత బుల్లెట్, దయచేసి దారి చూపండి

తోటపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా బండి దగ్గరే కూర్చున్నాను. ఇంకా భోజనం చేయలేదు. నాకు తెలిసినవన్నీ అయిపోయాయి, ఇక మీరే చెప్పాలి.

బండి మా తాతగారిది. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350, 1974 నాటిది. ఆయన దీన్ని చివరిదాకా ‘ఇంగ్లీషు బండి’ అనే పిలిచేవారు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండో కిక్కుకే అందుకుంటుంది. చప్పుడు నిదానంగా, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా వస్తుంది. విజయనగరం దాటి నెల్లిమర్ల రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు వెళ్లేసరికి లాగుడు తగ్గుతుంది. రెండు మూడు సార్లు కుదిపి ఆగిపోతుంది. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకదు, పలకదు. చెట్టు నీడన అరగంట ఆగి కొడితే ఏమీ జరగనట్టు లేస్తుంది. మళ్లీ నాలుగు కిలోమీటర్లు, మళ్లీ అదే వరస. నిన్న అమ్మను రామతీర్థం తీసుకువెళదామని బయలుదేరి, దారిలో మూడుసార్లు ఆగి, చివరికి ఆమెను ఆటో ఎక్కించాల్సి వచ్చింది. చాలా బాధ అనిపించింది.

ప్లగ్గు, పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేలా కరెంటును తెంచే చిన్న స్విచ్చు), ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేశాను. కార్బురేటర్ విప్పి జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని బెజ్జాలు) ఊదాను. ఇంజను వేడికి పిస్టన్ పట్టేస్తోందా? బోరు చేయించాలా? మెకానిక్ పని నాకు కొత్త. ఈ బండి మీదే నేర్చుకుంటున్నాను.

పాలకొండ రోడ్డు:
కండెన్సర్. మార్చండి.

తోటపాలెం కుర్రాడు:
పాయింట్ల దగ్గర ఉండే చిన్న గుండ్రటి డబ్బాయే కదండీ? అది మార్చలేదు. కొట్లో పాయింట్లు మాత్రమే ఇచ్చారు. వాటి మధ్య సందు కంటి అంచనాతో పెట్టాను.

పాలకొండ రోడ్డు:
కంటి అంచనా పనికిరాదు. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) కొనండి.

ఆమదాలవలస పాత బళ్లు:
కండెన్సర్ సంగతి తర్వాత. ముందు ట్యాంకులో ఏం పోస్తున్నారో చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది మన తాతల నాటి పెట్రోలు కాదు, అందులో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మన వైపు సముద్రపు గాలీ వానాకాలపు ఉక్కా ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. బండిని నెలల తరబడి కదపకపోతే, చేరిన నీరు ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. పెట్రోలు ట్యాపు ఉండేదీ అడుగునే. అంటే ఇంజనుకు మొదట అందేది ఆ నీళ్లే. ఆనాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి, పొడి రాలి జెట్టుకు అడ్డుపడతాయి. పోయిన వానాకాలం నా బండి కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె విప్పితే అడుగున ముదురుపాకం లాంటి జిగురు కనిపించింది. గోటితో గీకితే తీగలా సాగింది. అప్పటి నుంచి వారం మించి బండి తీయను అనుకుంటే ట్యాపు కట్టేసి, గిన్నెలో పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట తానే ఆగేదాకా నడిపిస్తాను. ఈ ఒక్క అలవాటు అందరూ చేసుకోవాలని నా విన్నపం.

బొబ్బిలి మేష్టారు:
బాబూ, ఒక్క దిద్దుబాటు. 1974 నాటి బుల్లెట్ ఇంగ్లీషు బండి కాదు. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో ఇంగ్లండు నుంచి విడిభాగాలు వస్తే ఇక్కడ బిగించేవారు. తర్వాత అచ్చులూ యంత్రాలూ తెచ్చుకుని మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులోనే తయారు చేయడం మొదలుపెట్టారు. మీ తాతగారి బండి తయారయ్యే నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీయే లేదు. కాబట్టి దాన్ని మద్రాసు బండి అనాలి. మన కార్మికుల చేతి పనికి దక్కాల్సిన పేరు అది.

చీపురుపల్లి వాసి:
మేష్టారూ, పుట్టింది మద్రాసులోనే, ఒప్పుకుంటాను. ప్రాణం మాత్రం రెడిచ్‌దే కదా? 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. ఈ కొలతల్లో మనవాళ్లు ఒక్కటి మార్చలేదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండటం ఎవరి పద్ధతి? బ్రిటిష్ బండి అంటే అక్కడ చేసిన బండి అనే కాదు, అక్కడి ఆలోచనతో చేసిన బండి అని కూడా.

బొబ్బిలి మేష్టారు:
ఆలోచన ఎక్కడిదో చూసి ఊరి పేరు పెడితే రైలింజన్లన్నీ ఇంగ్లండువే అవుతాయి.

చీపురుపల్లి వాసి:
మేష్టారూ, దీని మీద వేరే చర్చ పెట్టుకుందాం. కుర్రాడూ, ట్యాపెట్ గ్యాప్ (వాల్వులను కదిలించే కడ్డీల దగ్గర వదిలే సందు) ఎంత పెట్టారు? అది బిగుతైనా వేడెక్కితే ఆగిపోవచ్చు.

గజపతినగరం గ్యారేజీ:
బుల్లెట్‌కు ట్యాపెట్ గ్యాప్ ఉండదండీ. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్, అంటే ఆ కడ్డీ, వేళ్ల మధ్య హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. వేరే బళ్ల లెక్క చూసి గేజ్ పెట్టి సందు వదిలితే టకటకమని చప్పుడు తప్ప ఏమీ రాదు.

తమ్ముడూ, అందరూ మందు చెబుతున్నారు కానీ రోగం అడగలేదు. మూడు ప్రశ్నలకు జవాబు రాయి. బండి ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి నిప్పురవ్వ చూశావా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తొందరగా ఆగుతోందా, తక్కువగా ఉన్నప్పుడా? ఈ జబ్బు మొదలు కావడానికి ముందు బండికి ఏం చేయించావు? చిన్నదైనా సరే, దాచకుండా రాయి.

తోటపాలెం కుర్రాడు:
నిప్పురవ్వ చూడలేదన్నగారూ. వేడిగా ఉంటే ప్లగ్గు ముట్టుకోవడానికి భయం వేసింది.

నిన్న రామతీర్థానికని ట్యాంకు నిండా పోయించాను, నిన్నే ఎక్కువసార్లు ఆగింది. మీరు అడిగాక గుర్తొచ్చింది.

ముందు ఏమీ చేయించలేదు. పోయిన నెల ట్యాంకుకు నల్లరంగు, బంగారు గీతలు వేయించాను, అంతే. ఆ రోజే పాత మూత తుప్పు పట్టిందని తాళం ఉన్న కొత్త మూత కొన్నాను. రంగుకూ ఇంజనుకూ సంబంధం లేదు కదా అని రాయలేదు.

గజపతినగరం గ్యారేజీ:
రంగుకు లేదు తమ్ముడూ, మూతకు ఉంది. కిరాణా కొట్లో కొత్త నూనె డబ్బాకు ఎన్ని బెజ్జాలు కొడతారు? రెండు. ఒకటే కొడితే నూనె కాస్త కారి, గుటకలు వేసి నిలిచిపోతుంది. రెండోది గాలి లోపలికి వెళ్లడానికి. ట్యాంకు మూతకు కూడా అలాంటి బెజ్జం ఉండాలి. కొన్ని చవక మూతలకు అది ఉండదు, ఉన్నా లోపలి రబ్బరు వాషర్ దాన్ని కప్పేస్తుంది. ఇంజను పెట్రోలు తాగుతుంటే ట్యాంకులో గాలి పలచబడి, ధార సన్నబడి, కార్బురేటర్ గిన్నె ఎండిపోతుంది. అరగంటలో మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరి గిన్నె మళ్లీ నిండుతుంది. నువ్వేమో ఇంజను చల్లారి లేచిందని అనుకుంటున్నావు.

బొబ్బిలి మేష్టారు:
లెక్క కూడా కుదురుతోంది. లీటరుకు 30 కిలోమీటర్లు అనుకుంటే ఐదు కిలోమీటర్లకు 160 మిల్లీలీటర్ల పైచిలుకు. నిండు ట్యాంకులో పైన ఒక్క లీటరు చోటే గాలి ఉంటే, అంత పెట్రోలు దిగేసరికి లోపలి ఒత్తిడిలో దాదాపు ఏడో వంతు తగ్గిపోతుంది. ట్యాంకు ఎత్తున ఉండటం వల్ల పెట్రోలు కిందికి దిగే బలం ఆ లోటును దాటడానికి చాలదు. సగం ట్యాంకులో గాలి ఎక్కువ కాబట్టి ఆలస్యంగా ఆగుతుంది. అందుకే నిన్న ఎక్కువసార్లు ఆగింది.

పాలకొండ రోడ్డు:
చూడకుండా మూత మీదికి తోసేయకండి. చెడిపోతున్న కండెన్సర్ కూడా వేడికి ఇలాగే చేస్తుంది. పాయింట్లు నల్లగా మాడాయా, మధ్యలో నీలం మెరుపు ఎక్కువగా వస్తోందా, చూడండి.

గజపతినగరం గ్యారేజీ:
ఆ మాట నిజమే, కాదనను. కాబట్టి ఈసారి బండి ఆగగానే కిక్కు కొట్టకు. చెవి దగ్గర పెట్టి మూత తాళం తీయి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూత వదులుగా పెట్టి ఒక్క నిమిషం ఆగి కిక్కు కొట్టు. లేస్తే కండెన్సర్‌ది తప్పు కాదు. చప్పుడూ రాక, బండీ లేవకపోతే అప్పుడు మందపాటి గుడ్డతో పట్టుకుని ప్లగ్గు విప్పి, సిలిండర్‌కు ఆనించి రవ్వ చూడు. నీలంగా చిటుక్కుమనాలి. పాలిపోయి ఎర్రగా ఉంటే పాలకొండ ఆయన చెప్పిందే. రవ్వ చూసేటప్పుడు ట్యాపు కట్టి, మూత గట్టిగా బిగించి, పెట్రోలు తడి లేకుండా తుడవాలి. మరిచిపోకు.

ఆమదాలవలస పాత బళ్లు:
ఎలాగూ మూత తీస్తున్నారు కాబట్టి టార్చి వేసి అడుగున తుప్పు ఉందేమో చూడండి. రంగు వేయడానికి ముందు లోపలికి దుమ్ము, నీళ్లు వెళ్లకుండా మూశారో లేదో కూడా కనుక్కోండి. ఇథనాల్ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

చీపురుపల్లి వాసి:
పాత మూత పారేయలేదు కదా? ఆ రోజుల మూతలు ఇప్పుడు దొరకవు. తుప్పును కిరసనాయిలులో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తోమండి, బెజ్జంలో సన్నని తీగ దూర్చండి. తాళం లేకపోతే ఏమీ కాదు, యాభై ఏళ్ల బండికి దాని మూతే అందం.

తోటపాలెం కుర్రాడు:
ఈ ఉదయం వెళ్లాను. సరిగ్గా అదే చోట ఆగింది. మూత తీస్తే మీరు చెప్పిన చప్పుడే వచ్చింది. వదులుగా పెట్టి కొడితే మొదటి కిక్కుకే లేచింది. పాత మూత అటక మీద దొరికింది, తోమి పెట్టాను. అమ్మతో రామతీర్థం వెళ్లి వచ్చాం, ఎక్కడా ఆగలేదు. అందరికీ ధన్యవాదాలు.

పాలకొండ రోడ్డు:
పాయింట్ల సందు సరిచేశారా?

గజపతినగరం గ్యారేజీ:
తమ్ముడూ, ప్లగ్గు విప్పి కొన ఏ రంగులో ఉందో కూడా రాయి. ఇన్నాళ్లు పెట్రోలు చాలక నడిచింది కదా, తెల్లగా ఉంటే ఇంకో మాట చెప్పాలి.