గేదె పాలు తోడుకోలేదు, మిగిలిన యాంటీబయాటిక్ గూట్లో ఉంది: ఏం చేయాలి?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)
మా మేనత్త నల్లమల అడవిలోని అమ్రాబాద్ మండలంలో రెండు గేదెల మీద బతుకుతోంది. దసరాకు వెళ్లినప్పుడు ఒక గేదెకు పొదుగువాపు వచ్చింది. ఊళ్లో పశువులకు సూదులు వేసే అతను రెండు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చాడు. వాపు తగ్గగానే మానేసి, సీసాలో మిగిలిన మందును మళ్లీ పనికొస్తుందని గూట్లో దాచారు. ఆ రాత్రి తోడు వేసిన పాలు తెల్లవారేసరికి నీళ్లలాగే ఉన్నాయి. అదే వారం జలుబు చేసిన మనవడికి కిరాణా కొట్లో కొన్న అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మింగించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఆ పాలను ఏం చేయాలి?

జవాబు 1 (పశువైద్యుడు, రాజేంద్రనగర్)
మీ అనుమానం సబబే. పాలను పెరుగుగా మార్చేది బ్యాక్టీరియా కనుక, పాలలో మందు ఉంటే అది పెరగదు. అయితే పొదుగువాపు పాలు మందు లేకున్నా సరిగా తోడుకోకపోవచ్చు, కాబట్టి దీన్నే రుజువుగా తీసుకోకండి. వాపు ఒక్క చన్నుకే ఉంది కదా అని మిగిలిన మూడు చన్నుల పాలు వాడుకోవడం నేను తరచూ చూసే పొరపాటు. సూదిమందు రక్తం ద్వారా అన్నింటికీ చేరుతుంది, పాలు కాచినా పూర్తిగా పోదు. ఎన్ని రోజులు పాలు వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది, ఆ లెక్క చివరి సూది నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా ఆ పాలు దూడకూ పట్టవద్దు, వాగులోనూ పోయవద్దు. బావికి దూరంగా గుంట తీసి పోయండి. ఇకముందు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్యశాలను పిలిపించండి.

జవాబు 2 (ఫార్మసిస్టు, కూకట్‌పల్లి)
సంబంధం ఉంది. మనుషులకూ పశువులకూ ఇచ్చే యాంటీబయాటిక్‌లు చాలావరకు ఒకే కుటుంబానివి. పేడతో బయటపడిన మందూ, దాన్ని తట్టుకొని బతికిన బ్యాక్టీరియా కూడా ఎరువుతో చేలోకి, వానతో వాగులోకి పోతాయి. అలాంటి బ్యాక్టీరియా మనుషులకు సోకితే అదే కుటుంబం మందులు పనిచేయకపోవచ్చు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి అజిత్రోమైసిన్ చేసేదేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆచితూచి వాడవలసిన వర్గంలో పెట్టింది. మందుల పట్టీ మీద నిలువునా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. సెఫిక్సిమ్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని 2014 మార్చి నుంచి మందుల షాపువారు వేరే రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. అయితే డాక్టరు ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో ఈ నియమం చెప్పి ఎవరినో తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు.

జవాబు 3 (పటాన్‌చెరు నుంచి)
అడవి ఊళ్లకు బుద్ధులు చెప్పే ముందు మన వాగు సంగతి చూడాలి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అది చికిత్సలో రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. గూట్లోని సీసాను మాత్రం మోరీలో ఒంపకండి, పశువైద్యశాలలో అప్పగించండి.

ప్రశ్న అడిగినవారు
అత్తకు ఫోన్ చేశాను. సీసా ఇస్తానంది. పాలు పారబోయమంటే మాత్రం, అన్ని రోజుల పాలడబ్బు ఎవరిస్తారని అడిగింది.

జవాబు 1
ఎవరూ ఇవ్వరు. అందుకే రోజూ పితికే ముందు మొదటి ధారలను నల్లగుడ్డ మీద పిండి గడ్డలున్నాయేమో చూడమనండి. వాపు ముదరకముందే పట్టుకుంటే నష్టమయ్యే రోజులు తగ్గవచ్చు.