పోర్షే 911: ఇండియా లిస్టులో లేని ఆప్షన్లు ఫ్యాక్టరీ నుంచే వేయించుకోవచ్చా?

గచ్చిబౌలి_గేర్:
911 కరెరా ఆర్డర్ పెట్టాలి, రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌లోనే. లిస్టులో లేనివి మూడు కావాలి: నా దగ్గరున్న నమూనాకి సరిపోయే రంగు, వెనకవైపు ప్రైవసీ గ్లాస్ (లోపలికి కనపడని ముదురు అద్దాలు), కారులోంచే గేటు తెరిచే హోమ్‌లింక్. సేల్స్ అబ్బాయి "రాదు సార్" అని తేల్చేశాడు. జర్మనీ సైట్‌లో ఆప్షన్లు ఎంచుకుంటే వచ్చే పోర్షే కోడ్ ఇస్తే పనవుతుందా?

పాత_మెకానిక్:
ఆ కోడ్ పనికిరాదండీ. జర్మనీ సైట్‌లో తయారయ్యేది ఎడమ స్టీరింగ్ బండి. ఇండియా సైట్‌లోనే బండికి ఆప్షన్లు ఎంచుకుని, అదనంగా కావలసినవాటి ఆప్షన్ కోడ్‌లు కింద రాసి, ఇంపోర్టర్‌కి (బండ్లని ఇండియాకి తెప్పించే కంపెనీకి) మెయిల్‌లో పంపమని డీలర్‌ని అడగండి. "రాదు" అనే మాట ఇంపోర్టర్ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా నమ్మకండి. చాలాసార్లు అది "మా సిస్టమ్‌లో ధర లేదు" అనడమే.

రంగు కుదిరే అవకాశం ఉంది, కానీ ముందు ఫ్యాక్టరీ పరీక్షించాలి. లోహపు బాడీ మీదా ప్లాస్టిక్ బంపర్ల మీదా ఒకే ఛాయ రావాలి, ఎండకి వెలిసిపోకూడదు. దీనికి నెలలు పడుతుంది, పరీక్షించాక కూడా కాదనొచ్చు. పరీక్షకి ఫీజు కట్టాల్సి వస్తే అది తిరిగి వస్తుందో రాదో ముందే అడగండి.

ప్రైవసీ గ్లాస్ మాత్రం వదిలేయండి. మన మోటారు వాహన రూల్స్ ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం, వెనక అద్దంలోంచి 70 శాతం వెలుతురు రావాలి. ఫ్యాక్టరీదే అయినా ఈ లెక్క మారదు.

సుంకం_లెక్క:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ బండి పూర్తిగా దిగుమతే. 2025 బడ్జెట్ తర్వాత 40,000 డాలర్లు దాటిన కారుకి 70 శాతం కస్టమ్స్, దానికి తోడు 40 శాతం వ్యవసాయ సెస్, మొత్తం 110 శాతం. ఆపైన 40 శాతం జీఎస్టీ. అంటే ఇంపోర్టర్‌కి 1,000 యూరోలు పడ్డ ఆప్షన్ 2.1 రెట్లయి, మళ్లీ 1.4 రెట్లయి 2,940 యూరోలు అవుతుంది. డీలర్ మార్జిన్, 1 శాతం టీసీఎస్ (కొనేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను), ఆర్టీఏ లైఫ్ ట్యాక్స్ అదనం. సుంకం లెక్క జర్మనీ షోరూం ధర మీద కాదు, ఇంపోర్టర్ ఇన్‌వాయిస్ మీద. అది సాధారణంగా తక్కువే.

గచ్చిబౌలి_గేర్:
మరి హోమ్‌లింక్?

పాత_మెకానిక్:
రేడియో సిగ్నల్ పంపే పరికరం కాబట్టి డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలకి అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి కావాలి. అది ఇంపోర్టర్ తెచ్చుకోవాల్సింది, మీరూ డీలరూ చేయగలిగింది లేదు. గేటు మోటారు వాళ్ల రిమోట్ సన్‌వైజర్‌కి తగిలించుకోండి, తక్కువలో అయిపోతుంది.

క్లచ్_ప్లేట్:
ఒక్క జాగ్రత్త. అడ్వాన్స్ కట్టేముందు సంతకం పెట్టే ఆర్డర్ కన్‌ఫర్మేషన్‌లో ప్రతి ఆప్షన్ కోడ్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. కోడ్ లేకపోతే ఆప్షన్ లేనట్టే, వాట్సాప్‌లో చెప్పిన మాట ఫ్యాక్టరీకి వెళ్లదు. మార్పులకి ఆఖరి తేదీ, యూరో పెరిగితే తేడా ఎవరు భరించాలి, అవీ అందులోనే రాయించండి. బండి వచ్చాక డెలివరీ తీసుకోకముందే ఆ కాగితం పట్టుకుని సరిచూడండి, రంగుని ఎండలో చూడండి. ఇన్సూరెన్స్ ఐడీవీలో (బీమా కంపెనీ బండికి కట్టే విలువలో) ఆప్షన్ల విలువ కలిసిందా అన్నది చివర్లో అందరూ మర్చిపోతారు.