విజయ తైలం వాడుతున్నవారు బండి నడపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి నరాల నొప్పి. ఆయుర్వేద వైద్యులు విజయ (గంజాయి మొక్క) ఆకు సారంతో తయారైన తైలం రాశారు. రాత్రిపూట నోట్లో చుక్కలు వేసుకోవాలి; నొప్పి ఎక్కువైతే ఉదయం కూడా. ఆయన విశాఖలోని మద్దిలపాలెం నుంచి గాజువాకలోని దుకాణానికి రోజూ స్కూటరు మీదే వెళ్తారు. "డాక్టరు చీటీ ఉంది, పోలీసులు ఆపినా భయం లేదు" అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. 1985 నాటి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) పూత, కాయ భాగాలను గంజాయి అంటుంది. పూత కలవని ఆకును ఆ నిర్వచనంలోంచి తప్పించింది. ఆకుతో చేసిన ఆయుర్వేద మందులకు చోటు దొరికింది అక్కడే. మీ చీటీ ఆ మందు కొనడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి. రోడ్డెక్కాక వర్తించేది మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షన్. మద్యానికైతే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది. మత్తు పదార్థాలకు అలాంటి అంకె లేదు. బండిని అదుపు చేయలేనంత ప్రభావంలో ఉన్నారా అన్నదే చూస్తారు. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: ఆయనకు మత్తుగా అనిపించదట. గంట ఆగి బయలుదేరితే చాలదా?

మరొకరి జవాబు: గంట ఆగడమే ప్రమాదం, చెల్లీ! గంజాయి పొగలోని టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) నిమిషాల్లో పనిచేస్తుంది. మింగిన మందు కడుపు, కాలేయం దాటి రావాలి. ప్రభావం మొదలవడానికే గంట, రెండు గంటలు పట్టవచ్చు. అంటే దారిలోని ఎన్‌ఏడీ కూడలిలో లారీల మధ్య ఉన్నప్పుడు అది పైకి వస్తుంది. తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. బ్రేకు వేయడంలో జాప్యం, దూరం అంచనాలో తేడా నడిపేవారికి తెలియకపోవచ్చు. "నాకేమీ కాలేదు" అన్న మాటను నేనైతే అస్సలు నమ్మను.

ఉదయం చుక్కలు వేసుకున్న రోజు సిటీ బస్సు ఎక్కించండి. మోతాదు మార్చిన కొత్తలో రాత్రి మందుకు కూడా ఇదే జాగ్రత్త. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, అప్పుడప్పుడు మద్యం పార్టీలు ఉంటే దాచకుండా వైద్యులకు చెప్పాలి. వాటికి ఈ తైలం తోడైతే మగత బాగా పెరుగుతుంది. సీసా మీద టీహెచ్‌సీ ఎంతో రాసి ఉందా? లేకపోతే తయారీదారుని అడగమనండి. సీబీడీ (అదే మొక్కలోని, మత్తెక్కించని పదార్థం) మాత్రమే ఉన్న మందుతోనూ కొందరికి మగత వస్తుంది.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నయ్యా. ఉదయం మోతాదును దుకాణం నుంచి తిరిగి వచ్చాక వేసుకోవచ్చేమో వైద్యులను అడుగుతాను. అప్పటివరకు తాళం చెవి నా దగ్గరే.