డెంగీలో అరకొర యాంటీబాడీలే ఎందుకు ప్రమాదం?

డెంగీ యాంటీబాడీల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరా?

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి సోకి తగ్గాక మిగిలిన యాంటీబాడీలు మరో రకానికి అతుక్కుంటాయి గానీ, చాలాసార్లు దాన్ని నిర్వీర్యం చేయలేవు. పైగా యాంటీబాడీ తోకను మాక్రోఫేజ్ (క్రిములను మింగే రక్షణ కణం) మీది గ్రాహకం పట్టుకోవడంతో వైరస్ నేరుగా ఆ కణంలోకే చేరుతుంది. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టు! ఇంతవరకు అర్థమైంది.

నికరాగువా పిల్లలపై 2017లో వెలువడిన అధ్యయనంలో యాంటీబాడీలు బాగా ఎక్కువగా ఉన్నవారికి రక్షణ కనిపించింది. రక్తపు సీరమ్‌ను ఎంత పలుచన చేసినా యాంటీబాడీలు కనిపిస్తాయో చెప్పే కొలతలో 1:21 నుంచి 1:80 మధ్య, అంటే అరకొరగా ఉన్నవారికే తీవ్ర డెంగీ ముప్పు పెరిగింది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు తరిగిపోయే నెలల్లో పసికందులకు మొదటి డెంగీయే ప్రమాదకరం కావడానికీ ఇదే కారణమా?

అసలు సందేహం టీకా గురించి. 2015లో తొలి అనుమతి పొందిన డెంగ్వాక్సియా, అంతకుముందు డెంగీ సోకనివారిలో తర్వాతి జబ్బును తీవ్రం చేయవచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. పిల్లలకు వేసిన టీకా కదా, ఈ విషయం నన్ను వదలడం లేదు. మరి కొత్త టీకాలకు యాంటీబాడీల మొత్తం కొలిస్తే చాలా, లేక నాలుగు రకాలనూ విడివిడిగా అడ్డుకునే శక్తిని చూడాలా? ఏళ్లు గడిచి ఆ స్థాయి పడిపోతే ఏమవుతుందో ముందే ఎలా అంచనా వేస్తారు?